భూకంపాలపై కన్నేసి ఉంచడం, అంచనా కట్టడం ఎలా? కడప, కర్నూలు, అనంతపురం పాఠకులకు సమగ్ర మార్గదర్శి

ఎక్కడో భూకంపం వచ్చిందన్న వార్త రాగానే ప్రొద్దుటూరు నుంచి, తాడిపత్రి నుంచి, ఆదోని నుంచి ఒకటే ప్రశ్న వస్తుంది: మనకూ వస్తుందా, ముందే తెలుసుకునే దారి ఉందా? ఫలానా రోజు ఫలానా ఊళ్లో వస్తుందని చెప్పగల పద్ధతి ఇప్పటికి ప్రపంచంలో ఎక్కడా లేదు. ఫలానా ప్రాంతంలో, ఇంత కాలంలో, ఇంత పెద్ద భూకంపం వచ్చే అవకాశం ఎంత శాతమో లెక్కగట్టడం మాత్రం ఎవరికైనా సాధ్యమే. అందుకు కావలసిన సమాచారమంతా ఉచితంగా దొరుకుతుంది. ఇంటర్ తరగతి లెక్కలు, ఒక స్ప్రెడ్‌షీట్ చాలు.

కింద చెప్పిన వరుస మార్చకండి. చాలామంది నేరుగా అంచనా దగ్గరికి దూకి, మధ్యలో సమాచారం శుభ్రం చేసే పని వదిలేస్తారు. లెక్క తప్పేది అక్కడే.

1. ఏ ప్రాంతాన్ని గమనించాలో ముందు తేల్చుకోండి

ప్రపంచం మొత్తాన్ని ఒకే కంటితో చూడలేం. మూడు వలయాలు గీసుకోండి.

మొదటిది ఇంటి వలయం. కడప (అక్షాంశం 14.47, రేఖాంశం 78.82) కేంద్రంగా 400 కిలోమీటర్లు తీసుకుంటే ఒంగోలు, చెన్నై, బెంగళూరు, హైదరాబాద్ అన్నీ లోపలికి వస్తాయి. ఇందులో మాగ్నిట్యూడ్ (భూకంపం ఎంత పెద్దదో చెప్పే అంకె) 2.5 నుంచి పైన నమోదైన ప్రతిదీ చూడాలి.

రెండోది మీరు లోతుగా చదవదలచిన ఒక చురుకైన ప్రాంతం. హిమాలయం గానీ, అండమాన్–సుమత్రా గానీ, జపాన్ గానీ ఒకటే ఎంచుకోండి. ఇక్కడ 4.5 పైన చాలు.

మూడోది మొత్తం ప్రపంచం, 6.0 పైన మాత్రమే. ఇవి సగటున రెండు మూడు రోజులకొకటి వస్తాయి, కాబట్టి ఈ జాబితా మోయలేని బరువు కాదు.

లెక్కలు నేర్చుకునేది రెండో వలయంలో. ఇంటి వలయంలో నమోదయ్యేవి చాలా తక్కువ, వాటితో గణాంకం నిలవదు. మన జిల్లాలతోనే మొదలుపెట్టిన వాళ్లు రెండు నెలల్లో విసిగి మానేస్తారు.

2. సమాచారం ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి

- ఎన్‌సీఎస్: ఢిల్లీలోని జాతీయ భూకంప శాస్త్ర కేంద్రం. దేశంలో 150కి పైగా స్టేషన్ల నుంచి సమాచారం తీసుకుంటుంది. దీని ఆండ్రాయిడ్ యాప్ పేరు భూకంప్. మన చుట్టుపక్కల చిన్న ప్రకంపనలకు ఇదే ఆధారం.
- యూఎస్‌జీఎస్: అమెరికా భూగర్భ సర్వే సంస్థ. ప్రపంచ జాబితాకు మొదటి తలుపు. మన దేశంలో మాత్రం సుమారు 4 కన్నా చిన్నవి ఇందులో సరిగా పడవు.
- ఈఎంఎస్‌సీ: ఐరోపా–మధ్యధరా కేంద్రం. దీని యాప్ లాస్ట్‌క్వేక్. ఊపు తెలిసిన జనం వెంటనే ఇచ్చే సమాచారం ఇక్కడ అందరికన్నా ముందు కనిపిస్తుంది.
- ఇన్‌కాయిస్: హైదరాబాద్‌లో ఉంది. సముద్రం కింద పెద్ద భూకంపం వస్తే సునామీ హెచ్చరిక కోసం దీన్నే చూడాలి.

యాప్‌లలో నోటిఫికేషన్లను పై వలయాల ప్రకారం కుదించండి. అన్నీ తెరిచి పెడితే రోజుకు వందల్లో మోగుతాయి. మూడో రోజున మీరే అన్నీ కట్టేస్తారు, అసలైనది వచ్చిన రోజు తెలియకుండా పోతుంది.

ఆండ్రాయిడ్ ఫోన్లలో భూకంప హెచ్చరిక సౌకర్యం 2023 నుంచి మన దేశంలోనూ ఉంది. సెట్టింగ్స్‌లో భద్రత, అత్యవసరం విభాగంలో ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. ఇది జోస్యం కాదు. భూకంపం మొదలయ్యాక, గట్టి ఊపు మీదాకా చేరేలోపు దొరికే కొన్ని సెకన్ల వ్యవధి మాత్రమే.

3. సమయం సరిచేసుకోండి

యూఎస్‌జీఎస్ కేటలాగ్ (భూకంపాల జాబితా) యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంటుంది. మన సమయం రావాలంటే దానికి 5 గంటల 30 నిమిషాలు కలపాలి. తేదీ మారిపోతుందన్న సంగతి మరవకండి. 2025లో కమ్‌చట్కా దగ్గర వచ్చిన 8.8 భూకంపం యూటీసీలో జులై 29, రాత్రి 23:24. మనకది జులై 30 తెల్లవారుజామున 4:54. ఒకే భూకంపాన్ని రెండు తేదీల కింద రెండుసార్లు రాసుకోవడం కొత్తవాళ్లు తరచూ చేసే తప్పు.

మీ స్ప్రెడ్‌షీట్‌లో యూటీసీకి ఒక గడి, ఐఎస్‌టీకి ఒక గడి పెట్టండి. లెక్కలన్నీ యూటీసీ మీదే చేయండి.

4. ఒక్కో వరుసను చదవడం

ఒక నిజమైన వరుస తీసుకుందాం. 2024 డిసెంబరు 4, ఉదయం 7:27, ములుగు, తెలంగాణ, మాగ్నిట్యూడ్ 5.3, లోతు 40 కిలోమీటర్లు. ఇది ఎన్‌సీఎస్ ఇచ్చింది. దీన్ని చూసినప్పుడు అడగాల్సిన ప్రశ్నలు:

మాగ్నిట్యూడ్ ఏ రకం? చిన్నవాటికి లోకల్ మాగ్నిట్యూడ్ (ఎంఎల్), మధ్యరకానికి బాడీవేవ్ (ఎంబీ), పెద్దవాటికి మొమెంట్ (ఎండబ్ల్యూ) వాడతారు. ఎంబీ ఆరున్నర దగ్గరికొచ్చేసరికి పెరగడం ఆగిపోతుంది. పెద్ద భూకంపానికి ఎంబీ అంకె మాత్రమే కనిపిస్తే ఎండబ్ల్యూ వచ్చేదాకా ఆగండి. ఒక అంకె పెరిగితే విడుదలయ్యే శక్తి సుమారు 32 రెట్లు పెరుగుతుంది.

ఆటోమేటిక్‌గా వచ్చిందా, మనిషి సరిచూసిందా? యూఎస్‌జీఎస్‌లో స్టేటస్ గడి ఉంటుంది. 2011 మార్చి 11న జపాన్ వాతావరణ సంస్థ మొదట 7.9 అని ప్రకటించింది, చివరికి అది 9.0గా తేలింది. ఆ తేడా శక్తిలో సుమారు 45 రెట్లు. మొదటి గంటలో వచ్చిన అంకెను పెన్సిల్‌తో రాసుకున్నట్టే భావించండి.

లోతు నిజమా, ఊహా? లోతు సరిగ్గా 10 కిలోమీటర్లని కనిపిస్తే, చాలాసార్లు లోతు తేలక సాఫ్ట్‌వేర్ పెట్టిన అంకె అది. దాన్ని పట్టుకుని "చాలా పైనే వచ్చింది" అని నిర్ధారణకు రాకండి.

ఊపు ఎక్కడ ఎంత? మాగ్నిట్యూడ్ భూకంపానికి ఒక్కటే ఉంటుంది. ఊపు స్థాయి ఊరూరికీ మారుతుంది, దాన్ని రోమన్ అంకెల్లో రాస్తారు. "హైదరాబాద్‌లో 5.3" అనడం తప్పు. ములుగు దగ్గర 5.3 భూకంపానికి హైదరాబాద్‌లో తేలికపాటి ఊపు తెలిసిందని రాయాలి.

5. కేటలాగ్ దింపుకుని శుభ్రం చేయడం

అసలు పని ఇదే. తొందరపడకండి.

యూఎస్‌జీఎస్ సైట్‌లో కేటలాగ్ వెతికే పేజీకి వెళ్లి కనీస మాగ్నిట్యూడ్ 4.5 పెట్టండి. కాలం 1976 నుంచి నేటిదాకా. ప్రాంతానికి వృత్తమో చతురస్రమో గీయండి. అవుట్‌పుట్‌గా సీఎస్‌వీ (స్ప్రెడ్‌షీట్‌లో తెరుచుకునే ఫైలు) ఎంచుకోండి. ఒకసారికి 20,000 వరుసలకు మించి ఇవ్వదు, దాటితే కాలాన్ని ముక్కలు చేసి దింపుకోండి.

తరువాత ఈ వరుసలో వెళ్లండి:

అ) భూకంపం కానివి తీసేయండి. టైప్ అనే గడిలో పేలుడు, గని కూలడం వంటివి వేరుగా రాసి ఉంటాయి.

ఆ) రెండుసార్లు పడ్డవి తీసేయండి. రెండు సంస్థల జాబితాలు కలిపితే ఇది తప్పనిసరి. సమయంలో 16 సెకన్లలోపు, దూరంలో 100 కిలోమీటర్లలోపు ఉన్న జంటలను వేరుగా పెట్టి, కళ్లతో చూసి ఒకటి ఉంచండి.

ఇ) ఏ అంకె నుంచి జాబితా పూర్తిగా ఉందో కనుక్కోండి. 0.1 చొప్పున గుంపులు చేసి ఒక్కో గుంపులో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. కింద నుంచి పైకి వెళ్తుంటే సంఖ్య మొదట పెరిగి, ఒక చోట శిఖరం తాకి, తరువాత తగ్గుతుంది. ఆ శిఖరానికి 0.2 కలపండి. దానికన్నా చిన్నవి లెక్కలోకి తీసుకోవద్దు. అవి రాకపోలేదు, పరికరాలకు చిక్కలేదంతే.

ఈ మెట్టు దాటేసిన వాళ్లకు "2000 తరువాత భూకంపాలు విపరీతంగా పెరిగాయి" అని కనిపిస్తుంది. పెరిగింది స్టేషన్లు. 7 పైన ఉన్నవి మాత్రమే తీసుకుని మళ్లీ చూడండి, సగటున ఏడాదికి 15 చొప్పునే ఉంటాయి, 8 దాటేది సుమారు ఒకటి.

ఈ) అనంతర ప్రకంపనలను వేరు చేయండి. దీర్ఘకాలిక రేటు కావాలంటే ఒక్కో పెద్ద భూకంపం వెనుక వచ్చిన గుంపును తీసేయాలి. గార్డ్‌నర్, నోపాఫ్ అనే శాస్త్రవేత్తలు 1974లో ఇచ్చిన కిటికీలు (దూరానికీ కాలానికీ హద్దులు) ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి: ప్రధాన కంపం 5.0 అయితే 40 కిలోమీటర్లు, 155 రోజులు. 6.0 అయితే 54 కిలోమీటర్లు, 510 రోజులు. 7.0 అయితే 70 కిలోమీటర్లు, 915 రోజులు. జాబితాను మాగ్నిట్యూడ్ ప్రకారం పెద్దదాని నుంచి కిందికి పేర్చి, ఒక్కోదాని కిటికీలో పడ్డవాటికి గుర్తు పెట్టండి. అసలు ఫైలులో వరుసలు చెరపకండి, గుర్తు మాత్రమే పెట్టండి. ఇవే వరుసలు 10వ మెట్టులో కావాలి.

6. ఇంట్లో పరికరం పెట్టడం

ఇది తప్పనిసరి కాదు. పెట్టదలిస్తే రాస్ప్‌బెర్రీ షేక్ లాంటి చిన్న యంత్రం సరిపోతుంది. ఇందులో 4.5 హెర్ట్జ్ జియోఫోన్ (నేల కదలికను పట్టేది), 24 బిట్ డిజిటైజర్ (దాన్ని అంకెలుగా మార్చేది) ఉంటాయి, సెకనుకు 100 సార్లు కొలుస్తుంది.

పరికరం కొనడం తేలిక, చోటు దొరకడమే కష్టం. మిద్దె మీద పెట్టకండి, ఇల్లే ఊయలలా ఊగి సంకేతాన్ని పాడు చేస్తుంది. కింది అంతస్తులో, వీధికి దూరంగా ఉన్న మూల గది వెతకండి.

మన ఇళ్లలో నేలకు కడప బండలో, బేతంచెర్ల బండలో పరుస్తారు. పరికరం పెట్టే బండను ముందు రూపాయి బిళ్లతో నాలుగు మూలలా, నడుమ తట్టి చూడండి. టకటకమని గట్టిగా పలికితే కింద సున్నం, సిమెంటు నిండుగా ఉన్నట్టు. డబ్బాలా డొల్లగా పలికితే ఆ బండ నేలతో కలిసి కదలదు, పక్కన ఎవరు నడిచినా తనే అదురుతుంది. అలాంటి చోట పెట్టిన స్టేషన్‌లో పగలంతా గీత మందంగా కనిపిస్తుంది, చాలామంది పరికరమే చెడిందనుకుంటారు. డొల్ల లేని బండ దొరక్కపోతే ఒకటి పెకలించి, కింద గట్టి నేల దాకా తీసి, అడుగున్నర చతురస్రంలో కాంక్రీటు దిమ్మె పోసి, వారం తడిపి, దాని మీద పెట్టండి. దిమ్మె పక్క బండలకు తగలకుండా చుట్టూ అంగుళం సందు వదలండి.

పెట్టే ముందు చూసుకోవాల్సినవి:

- ఫ్రిజ్, మిక్సీ, వాషింగ్ మెషీన్, బోరు మోటారు కనీసం 10 మీటర్ల దూరంలో ఉన్నాయా
- పెద్ద చెట్టు, సెల్ టవర్, నీళ్ల ట్యాంకు పక్కనే లేవు కదా (గాలికి వీటి వేళ్లు, పునాదులు నేలను కదిలిస్తాయి)
- బుడగ మట్టం సరిగ్గా నడుమ ఉందా
- పరికరం మీద దుమ్ము, గాలి పడకుండా పెట్టె మూసి ఉందా, వేడి బయటికి పోయే దారి ఉందా
- చిన్న యూపీఎస్ ఉందా
- ఇంటర్నెట్ కేబుల్‌తో వస్తోందా, వైఫైతోనా (కేబుల్ మంచిది)

మన వైపు ఎక్కువగా పాడయ్యేది మెమరీ కార్డు. కరెంటు పోయి వస్తూ ఉంటే రాస్తున్న ఫైలు మధ్యలో తెగి, కార్డు మొత్తం చదవరాకుండా పోతుంది. యూపీఎస్ అందుకే. ఒక కార్డు నకలు చేసి పక్కన పెట్టుకోండి. రెండో సమస్య గడియారం. ఈ బోర్డులో బ్యాటరీ గడియారం లేదు, ఇంటర్నెట్ తెగితే సమయం జారుతుంది. తరచూ నెట్ పోయే ఊళ్లో జీపీఎస్ యూఎస్‌బీ కలపడం మంచిది.

పరికరం సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి దూరపు పెద్ద భూకంపం కోసం ఎదురుచూడండి. కడప నుంచి సుమత్రా ఉత్తర కొస దాదాపు 20 డిగ్రీలు (భూగోళం మీద ఒక డిగ్రీ సుమారు 111 కిలోమీటర్లు), అన్నిటికన్నా వేగంగా వచ్చే మొదటి పి తరంగం నాలుగున్నర నిమిషాలు దాటాక చేరాలి. ఈశాన్య జపాన్ 60 డిగ్రీలు, సుమారు 10 నిమిషాలు. సంకేతాన్ని 0.7 నుంచి 2 హెర్ట్జ్ మధ్య వడకడితే, నిశ్శబ్దంగా ఉన్న రాత్రి 6.5 దాటినవి కనిపించాలి. ఈ పనికి యూఎస్‌జీఎస్ వారి స్వార్మ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ సరిపోతుంది. పైథాన్ వచ్చినవాళ్లు అబ్‌స్పై వాడొచ్చు.

7. భూకంపమా, పేలుడా, నేల కుంగిందా?

ఉమ్మడి మూడు జిల్లాల్లో స్టేషన్ పెట్టిన ఎవరికైనా మొదటి నెలలో దొరికే "భూకంపాలు" చాలావరకు గని పేలుళ్లే. ఎర్రగుంట్ల, తాడిపత్రి, బేతంచెర్ల వైపు సున్నపురాయి గనులు, మంగంపేట ముగ్గురాయి గనులు, అన్ని చోట్లా పేలుళ్లు ఉంటాయి. వేరు చేసే గుర్తులు:

- పేలుళ్లు పగటి వెలుతురులోనే, దాదాపు ఒకే గంటలో పడతాయి. నెల రోజుల గుర్తులను గంటల వారీగా లెక్కపెట్టండి. ఒక గంటలో కుప్ప కనిపిస్తే అది గనే. రాత్రి, పగలు సమంగా చెదిరి ఉంటే ఆలోచించాలి.
- పేలుడులో మొదటి కదలిక అన్ని దిక్కులా పైకే ఉంటుంది. భూకంపంలో కొన్ని స్టేషన్లలో పైకి, కొన్నింటిలో కిందికి.
- పేలుడులో ఎస్ తరంగం (పి తరువాత నిదానంగా వచ్చే రెండో తరంగం) బలహీనంగా ఉంటుంది, దాని వెనుక నేల ఉపరితలం మీద పాకే తరంగం బాగా కనిపిస్తుంది.

రైలు, బోరు లారీ, గాలిమరలు గుర్తుపట్టడం ఇంకా తేలిక. రైలు గీత నిదానంగా లావెక్కి నిదానంగా సన్నబడుతుంది. బోరు లారీ గంటల తరబడి ఒకే లయలో కొడుతుంది.

కడప వైపు ఇంకొకటి ఉంది. కింద సున్నపురాయి పొరలున్న చోట నీళ్లు రాయిని కరిగించి గుహలు చేస్తాయి. పెద్ద వానల తరువాత పైకప్పు కూలి నేల కుంగుతుంది. 2015 చివర్లో భారీ వానల తరువాత చింతకొమ్మదిన్నె మండలంలో ఇలాంటి గుంతలు పడ్డాయి. శబ్దం వస్తుంది, దగ్గరి ఇళ్లు అదురుతాయి, కానీ కిలోమీటరు దూరంలో ఏమీ తెలియదు. అక్కడ భూకంప కేటలాగ్‌లో వెతక్కండి. గుంత చుట్టూ తాడు కట్టి మనుషుల్ని, పశువుల్ని దూరం పెట్టించి, తహసీల్దారుకు చెప్పండి.

8. దూరం, కేంద్రం కనుక్కోవడం

పి తరంగానికీ ఎస్ తరంగానికీ మధ్య ఎన్ని సెకన్లున్నాయో కొలిచి 8తో గుణించండి. వచ్చేది కిలోమీటర్లలో దూరం. తేడా 20 సెకన్లయితే సుమారు 160 కిలోమీటర్లు. రాతి పొరలో పి సెకనుకు సుమారు 6, ఎస్ సుమారు 3.5 కిలోమీటర్ల వేగంతో పోతాయి కాబట్టి ఈ లెక్క కుదురుతుంది. కొన్ని వందల కిలోమీటర్లు దాటితే మాత్రం వాడకూడదు.

దూరం తెలిసినా దిక్కు తెలియదు. అందుకే మూడు స్టేషన్లు కావాలి. కర్నూలు, కడప, అనంతపురంలో ఒక్కో మిత్రుడు పరికరం పెడితే చక్కటి త్రిభుజం కుదురుతుంది: కర్నూలు–కడప సూటిగా సుమారు 175 కిలోమీటర్లు, మిగతా రెండు భుజాలు 135 చొప్పున. పటం మీద మూడు వృత్తాలు గీస్తే అవి కలిసే చోటే కేంద్రం. ఒక్క సెకను పొరపాటుకు 8 కిలోమీటర్ల తేడా వస్తుంది, కాబట్టి మూడు గడియారాలూ జీపీఎస్‌తో నడవాలి.

త్రిభుజం లోపల పడ్డవాటికి కేంద్రం బాగా తేలుతుంది. బయట పడ్డవాటిని నమ్మకండి. లోతు గురించైతే అసలు మాట్లాడకండి. 10 కిలోమీటర్ల లోతు నిజంగా తేలాలంటే 10, 20 కిలోమీటర్లలోపే ఒక స్టేషన్ ఉండాలి.

9. దీర్ఘకాలిక అంచనా

గూటెన్‌బర్గ్–రిక్టర్ సూత్రం చెప్పేదిది: మాగ్నిట్యూడ్ ఒకటి పెరిగితే సంఖ్య సుమారు పదో వంతు అవుతుంది. ఎంత కచ్చితంగా పదో వంతో చెప్పేది బి విలువ. ఇలా కనుక్కోండి:

బి = 0.4343 ÷ (సగటు మాగ్నిట్యూడ్ − (పూర్తిగా ఉన్న కనీస అంకె − 0.05))

ఉదాహరణకు కనీస అంకె 4.5, దాని పైన ఉన్నవాటి సగటు 4.88 అనుకుందాం. 4.88 − 4.45 = 0.43. బి = 1.01. ఇందులో పొరపాటు ఎంతుండొచ్చో తెలియాలంటే బి విలువను భూకంపాల సంఖ్య వర్గమూలంతో భాగించండి. 100 ఉంటే 0.1, 400 ఉంటే 0.05. నలభై యాభై భూకంపాలతో "బి తగ్గింది, పెద్దది రాబోతోంది" అని రాసేవాళ్లున్నారు. ఆ తగ్గుదల చాలాసార్లు ఈ పొరపాటు లోపలే ఉంటుంది.

ఇప్పుడు అంచనా. ఊహకు ఒక ప్రాంతంలో 50 ఏళ్లలో 4.5 పైన 400 వచ్చాయి, బి 1 అనుకోండి. 6.5 అంటే రెండంకెలు పైన, కాబట్టి 400లో నూరో వంతు, 4. అంటే ఏడాదికి 0.08. అవకాశం లెక్క:

అవకాశం = 1 − ఈ^(−రేటు × ఏళ్లు)

ఇక్కడ ఈ (e) అంటే 2.718 అనే స్థిరాంకం. ఫోన్ కాలిక్యులేటర్ అడ్డంగా తిప్పితే "ఈ పవర్ ఎక్స్" మీట కనిపిస్తుంది. ఒక ఏడాదికి 7.7 శాతం, పదేళ్లకు 55 శాతం. అంచనా రాసేటప్పుడు ప్రాంతం, కాలం, కనీస మాగ్నిట్యూడ్, శాతం నాలుగూ ఉండాలి. ఒకటి లేకపోయినా అది అంచనా కాదు.

"యాభై ఏళ్లుగా రాలేదు, ఇక రావాలి" అనే మాటకు ఈ లెక్కలో చోటు లేదు. ఒకే ఫాల్టు (భూమిలో రాళ్లు జరిగే పగులు) మీద ఒత్తిడి పేరుకునే మాట నిజమే. కానీ కాలిఫోర్నియాలో పార్క్‌ఫీల్డ్ దగ్గర, క్రమం తప్పకుండా వస్తోందన్న ఫాల్టు మీదే, 1993లోపు వస్తుందని పెట్టుకున్న అంచనా తప్పింది. అది 2004 సెప్టెంబరు 28న వచ్చింది.

10. పెద్ద భూకంపం తరువాతి వారం

భూకంప శాస్త్రంలో అంచనా అన్నిటికన్నా బాగా పనిచేసేది ఇక్కడే. అనంతర ప్రకంపనలు రోజులు గడిచేకొద్దీ రోజు సంఖ్యతో భాగించినట్టు తగ్గుతాయి. దీన్ని ఒమోరి సూత్రం అంటారు. పని ఇలా చేయండి:

మొదటి 24 గంటల్లో 4.0 పైన ఎన్ని వచ్చాయో లెక్కపెట్టండి. 60 అనుకుందాం. సూత్రంలోని స్థిరాంకాలు సి 0.05 రోజు, పి (ఇది తరంగం కాదు, ఎంత వేగంగా తగ్గుతాయో చెప్పే అంకె) 1 పెట్టుకుంటే, ప్రకంపనల జోరు చెప్పే కె ఇలా వస్తుంది (ఎల్ఎన్ అంటే సహజ లాగరిథం, కాలిక్యులేటర్‌లో ln మీట):

కె = 60 ÷ ఎల్ఎన్(1.05 ÷ 0.05) = 60 ÷ 3.04 = 19.7

ఒకటో రోజు చివరి నుంచి ఏడో రోజు చివరిదాకా: 19.7 × ఎల్ఎన్(7.05 ÷ 1.05) = సుమారు 38.

ఏడో రోజు నుంచి ముప్పయ్యో రోజుదాకా: 19.7 × ఎల్ఎన్(30.05 ÷ 7.05) = సుమారు 29.

బి 1 అయితే ఆ మొదటి వారపు 38లో (కచ్చితంగా 37.5) 5.0 పైన నాలుగు, 6.0 పైన 0.375. అంటే 6 దాటేది ఒక్కటైనా వచ్చే అవకాశం 31 శాతం.

ఎక్కడ తప్పుతుందంటే, పెద్ద భూకంపం వచ్చిన తొలి గంటల్లో తరంగాలు ఒకదాని మీద ఒకటి పడి చిన్నవి జాబితాకు ఎక్కవు. 60 అని కనిపించింది నిజానికి ఇంకా ఎక్కువ కావచ్చు. అందుకే రెండో రోజు చివర్లో లెక్క మళ్లీ చేయండి. మీరు వేసిన సంఖ్యకూ వచ్చినదానికీ రెట్టింపు తేడా ఉంటే కె మార్చుకోండి.

అతిపెద్ద అనంతర ప్రకంపన ప్రధాన కంపం కన్నా సగటున 1.2 తక్కువగా ఉంటుంది. ఇది సగటు మాత్రమే. నేపాల్‌లో 2015 ఏప్రిల్ 25న 7.8 వస్తే, పదిహేడు రోజుల తరువాత మే 12న 7.3 వచ్చింది. తుర్కియేలో 2023 ఫిబ్రవరి 6న 7.8 వచ్చాక సుమారు తొమ్మిది గంటల్లో 7.5 వచ్చింది.

మరి ఇప్పుడొచ్చింది అసలుదా, ఇంకా పెద్దదానికి ముందొచ్చిందా? ఇది చాలామందికి మింగుడుపడని విషయం: వచ్చినప్పుడు తేడా తెలియదు. కమ్‌చట్కాలో 2025 జులై 20న 7.4 వచ్చింది, తొమ్మిది రోజులకు 8.8 వచ్చింది. జపాన్‌లో 2011 మార్చి 9న ఏడు దాటింది, రెండు రోజులకు 9 వచ్చింది. అలాంటి 7లు ఎన్నో వచ్చి ఏమీ జరక్కుండా పోయాయి. వారంలోపు దగ్గర్లో అంతకన్నా పెద్దది వచ్చే అవకాశం సుమారు 5 శాతమని వాడుకోండి. చిన్న అంకేగా అని కొట్టిపారేయకండి. మామూలు వారంతో పోలిస్తే అది ఎన్నో రెట్లు ఎక్కువ.

11. వాట్సాప్‌లో వచ్చిన జోస్యాన్ని పరీక్షించడం

మూడు ప్రశ్నలు వేయండి. చోటు చెప్పారా? తేదీల హద్దు చెప్పారా? మాగ్నిట్యూడ్ హద్దు చెప్పారా? ఒకటి లేకపోయినా పక్కన పెట్టండి.

మూడూ ఉంటే, ఏమీ తెలియకుండా చెప్పినా నిజమయ్యే అవకాశం ఎంతో లెక్కగట్టండి. ప్రపంచంలో 6 పైన ఏడాదికి సుమారు 140 వస్తాయి, అంటే వారానికి 2.7. "ఈ వారం ఎక్కడో 6 దాటుతుంది" అన్న జోస్యం గుడ్డిగా చెప్పినా 93 శాతం నిజమవుతుంది. 5 పైనైతే రోజుకు నాలుగు వస్తాయి. గ్రహాల వరస, పౌర్ణమి, ఎండ వేడి పేరుతో తిరిగే సందేశాలు ఎక్కువగా ఈ దారిలోనే "నిజమవుతాయి".

1975లో చైనాలోని హైచెంగ్‌లో ముందే జనాన్ని ఖాళీ చేయించిన మాట నిజం. అక్కడ ముందుగా చిన్న ప్రకంపనలు గుంపుగా వచ్చాయి. మరుసటి ఏడాది అదే దేశంలో తాంగ్‌షాన్‌కు అలాంటి హెచ్చరికేదీ అందలేదు, లక్షల్లో ప్రాణాలు పోయాయి. ఎవరైనా హైచెంగ్ గురించి చెబితే తాంగ్‌షాన్ గురించి కూడా అడగండి.

12. మీ అంచనాకు మీరే మార్కులు వేసుకోండి

అంచనా వేసిన రోజే తేదీతో రాసిపెట్టండి, తరువాత దిద్దకండి. గడువు ముగిశాక వస్తే 1, రాకపోతే 0 వేసి, మీరు చెప్పిన శాతంతో తేడా తీసి వర్గం చేయండి. 31 శాతమని చెప్పి, వస్తే (0.31 − 1) వర్గం 0.476. రాకపోతే 0.096. తక్కువ వస్తే మంచిది. ముప్పై నలభై అంచనాలయ్యాక సగటు తీసి, కేవలం దీర్ఘకాలిక రేటుతో చెబితే వచ్చే సగటుతో పోల్చండి. మీది ఎక్కువగా ఉంటే మీరు కలిపిన ప్రత్యేక సూచికలేవీ పనిచేయడం లేదన్నమాట, వాటిని తీసేయండి.

13. మన దగ్గరే ఊగితే

భూకంపాలను తట్టుకునే కట్టడాలకు భారత ప్రమాణమైన ఐఎస్ 1893 (2016) పటంలో మన ప్రాంతం చాలావరకు జోన్ 2. అంటే తక్కువ ప్రమాదం, ప్రమాదం లేదని కాదు. మహారాష్ట్రలో కిల్లారి 1993కు ముందు పటంలో అన్నిటికన్నా తక్కువైన జోన్ 1లో ఉండేది. ఆ సెప్టెంబరు 30 తెల్లవారుజామున 6.2 భూకంపానికి సుమారు పదివేల మంది చనిపోయారు. మట్టితో పేర్చిన లావు రాతి గోడలు, వాటి మీద బరువైన మట్టి కప్పు కూలి మీద పడ్డాయి. మన పాత మట్టి మిద్దెల కట్టుబడి దానికి దగ్గరగానే ఉంటుంది.

ఊపు తెలిసినప్పుడు:

- కాంక్రీటు ఇంట్లో ఉంటే గట్టి బల్ల కింద దూరి పట్టుకోండి. మెట్ల మీదికి పరుగెత్తకండి.
- పాత రాతి, మట్టి మిద్దెలో ఉండి తలుపు నాలుగడుగుల్లో ఉంటే వెంటనే బయటికి, గోడ ఎత్తుకన్నా ఎక్కువ దూరం వెళ్లండి.
- ఊపు ఆగాక గడియారం చూసి సమయం రాయండి. ఎన్ని సెకన్లు, ఏం కదిలింది, ఏం పడింది, ఏ అంతస్తు, అన్నీ రాయండి.
- భూకంప్ యాప్‌లోనూ, యూఎస్‌జీఎస్ వారి "డిడ్ యూ ఫీల్ ఇట్" పేజీలోనూ నమోదు చేయండి. మీకేమీ తెలియకపోయినా, పక్క ఊరికి తెలిస్తే, "తెలియలేదు" అని నమోదు చేయండి. ఊపు ఎక్కడిదాకా పాకిందో తేలేది ఆ సమాధానాల వల్లే.
- అరగంటలో ఎన్‌సీఎస్ జాబితా చూడండి. అందులో లేకపోతే 7వ మెట్టుకు వెళ్లండి.
- మిద్దె దూలం గోడ మీద కూర్చున్న చోట, గోడలు కలిసే మూలల్లో కొత్త పగులుందా చూడండి. పగులుకు అడ్డంగా పెన్సిల్ గీత గీసి, పక్కన తేదీ వేయండి. వారంలో గీత రెండు ముక్కలూ పక్కకు జరిగితే ఆ గదిలో పడుకోవడం మానేసి మేస్త్రీని కాదు, ఇంజనీరును పిలిపించండి.